బొల్లి కంట్లోకి కూడా దిగుతుందా?

ఈ వారం ఒకే ఒక్క ఉత్తరం. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి, మీ ప్రశ్నలన్నీ వచ్చేవారం చూద్దాం. ఈ ఉత్తరంలోని భయం చాలా ఇళ్లలో ఉన్నదే. పైగా ఇందులో ఒక పిల్లాడి చూపు ఉంది.

"డాక్టర్ గారూ, నేను డిగ్రీ సెకండియర్. మా తమ్ముడికి 9 ఏళ్లు. రెండేళ్ల కిందట వాడి కుడి కంటి రెప్ప మీద చిన్న తెల్ల మచ్చ వచ్చింది. స్కిన్ డాక్టర్‌కి చూపిస్తే బొల్లి అన్నారు. ఒక్కసారి వెళ్లాం, మళ్లీ వెళ్లలేదు. తర్వాత నాన్న మెడికల్ షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చారు. రాస్తుంటే మచ్చకి కాస్త రంగు తిరిగినట్టు అనిపించింది. అందుకని 7 నెలలుగా రోజూ రాస్తున్నాం. ఇప్పుడు వాళ్ల టీచర్ ఫోన్ చేసి, బోర్డు మీది అక్షరాలు కనిపించడం లేదంటున్నాడు, ముందు బెంచీకి మార్చినా తప్పులే రాస్తున్నాడు అన్నారు. నాన్నమ్మేమో 'బొల్లి కంట్లోకి దిగింది, ఇక చూపు పోతుంది' అని ఒకటే ఏడుపు. అమ్మకి అన్నం సహించట్లేదు. నేను గూగుల్ చేస్తే ఇంకా భయమేసింది. నిజంగా బొల్లి కంటికి పాకుతుందా?"

ఉత్తరం అందిన రోజే ఆ అమ్మాయికి రెండు ముక్కలు రిప్లై ఇచ్చాను. ఒకటి, ఆ ట్యూబు ఫోటో తీసి పంపమ్మా. రెండు, ఈ వారంలోనే తమ్ముణ్ని కంటి డాక్టర్‌కి చూపించండి. తర్వాత ఏం జరిగిందో చివర్లో చెప్తాను. ముందు ఆ పెద్ద ప్రశ్న సంగతి చూద్దాం.

రంగు పోయేది ఎక్కడ?

మన చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. దాన్ని తయారుచేసే కణాలు మెలనోసైట్లు. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరపాటున ఈ కణాలను శత్రువులనుకుని చంపేస్తే, అక్కడ రంగు పోయి తెల్ల మచ్చ పడుతుంది. అదే బొల్లి. అంటురోగం కాదు. కుష్ఠు అసలే కాదు. 'శ్వేత కుష్ఠు' అని ఎవరు ఏ కాలంలో పేరు పెట్టారోగానీ, ఆ పేరు చేసినంత చెరుపు జబ్బు కూడా చేయలేదు. పాలు తాగి చేపలు తింటే వస్తుందన్నది కూడా ఉత్తమాటే. తెల్లటి పాలసాస్‌లో చేపలు వండుకుని తినే దేశాలున్నాయి, అక్కడి వాళ్లందరికీ బొల్లి రాలేదుగా!

ప్రపంచంలో ప్రతి వందమందిలో ఒకరికి అటూఇటూగా బొల్లి ఉంటుంది. అందులో దాదాపు సగం మందికి 20 ఏళ్లలోపే మొదలవుతుంది. అంటే ఇది పిల్లల్లో అరుదేమీ కాదు. మీ కాలేజీలో, మీ అపార్ట్‌మెంట్‌లో తప్పకుండా ఒకరిద్దరు ఉంటారు. ఫుల్ హ్యాండ్స్ వేసుకుని తిరుగుతుంటారు కాబట్టి మీకు తెలిసి ఉండదు, అంతే.

నాన్నమ్మ భయం మరీ గాలిలోంచి పుట్టిందేమీ కాదు. ఎందుకంటే మెలనోసైట్లు చర్మంలోనే కాదు, ఇంకొన్ని చోట్ల కూడా ఉంటాయి. కంటి నల్లగుడ్డు చుట్టూ కనిపించే రంగు వలయంలో ఉంటాయి. కంటి లోపల రెటీనాకి వెనకవైపు పరుచుకుని ఉండే కొరాయిడ్ అనే పొరలో ఉంటాయి. లోపలి చెవిలో ఉంటాయి. మెదడును కప్పి ఉంచే పొరల్లో కూడా కొన్ని ఉంటాయి. తల్లి కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు ఇవన్నీ ఒకే గుంపు నుంచి బయల్దేరి, తలా ఒక దిక్కుకి వెళ్లి స్థిరపడతాయి. ఒక ఊరి నుంచి వలసపోయిన అన్నదమ్ముల్లాంటివన్నమాట.

మరి ఒంటి మీది అన్నకి దెబ్బ తగిలితే కంట్లో తమ్ముడికి కూడా తగలాలా? అక్కర్లేదు. బొల్లి ఉన్నవాళ్ల కళ్లను డాక్టర్లు జాగ్రత్తగా పరీక్షించి చూసినప్పుడు, కొందరిలో కంటి లోపలి పొరల్లో అక్కడక్కడా రంగు తగ్గినట్టు కనిపించింది. అయితే అలాంటి వాళ్లలో ఎక్కువమంది చూపు మామూలుగానే ఉంది. ఆ మార్పు డాక్టర్ పరికరంతో చూస్తే తెలిసేదే తప్ప, ఆ మనిషికి తెలిసేది కాదు. ఇంకొక మాట. చూపుకి అత్యవసరమైన రంగు పొర రెటీనాకి ఆనుకునే ఉంటుంది. ఆ పొర కణాలు పై అన్నదమ్ముల గుంపులోవి కావు, వాటి పుట్టుక వేరు.

కాబట్టి సూటి సమాధానం ఇదీ: రెప్ప మీది మచ్చ రెప్ప దాటి కంట్లోకి పాకదు. నీళ్లు కారినట్టు లోపలికి దిగదు. మామూలు బొల్లితో పిల్లల చూపు పోదు.

మరి గూగుల్‌లో కనిపించిన ఆ భయంకరమైన పేర్లు?

అవి కూడా అబద్ధాలు కావు. కాకపోతే చాలా అరుదు. అందులో ముఖ్యమైనది వోగ్ట్-కోయనాగి-హరడా జబ్బు. స్విట్జర్లాండ్‌కి చెందిన ఒక డాక్టర్, జపాన్‌కి చెందిన ఇద్దరు డాక్టర్లు 20వ శతాబ్దం మొదట్లో విడివిడిగా గుర్తించారు కాబట్టి ముగ్గురి పేర్లూ కలిపేశారు. ఇందులో రక్షణ వ్యవస్థ ఒకేసారి కంట్లో, చెవిలో, మెదడు పొరల్లో, చర్మంలో ఉన్న మెలనోసైట్ల మీద పడుతుంది. ఆసియా వాళ్లలో కాస్త ఎక్కువ. పెద్దవాళ్లలోనే అరుదు, పిల్లల్లో ఇంకా అరుదు.

దీని గురించి మీరు ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. ఇందులో సాధారణంగా వరుస తిరగబడి ఉంటుంది. ముందు తలనొప్పి, జ్వరం, మెడ పట్టేయడం, చెవుల్లో హోరు. కొద్ది రోజుల్లో రెండు కళ్లూ ఎర్రబడి చూపు మసకబారుతుంది. తెల్ల మచ్చలు, తెల్లబడిన కనురెప్పల వెంట్రుకలు కనిపించేది ఆ తర్వాత వారాలకో నెలలకో. అంటే ముందు కన్ను, తర్వాత చర్మం. రెండేళ్లుగా ఒక చిన్న మచ్చ ఉండి, ఇప్పుడు బోర్డు కనిపించని పిల్లాడి కథ ఇది కాదు. అయినా సరే, పైన చెప్పిన లక్షణాలు ఎవరిలో కనిపించినా రేపు చూద్దాంలే అనుకోకూడదు. తొందరగా పెద్ద మోతాదులో మందులు మొదలుపెడితే చూపును కాపాడొచ్చు.

మరికొన్ని చోట్ల పేర్లు కలిసిపోయి గందరగోళం అవుతుంది. పుట్టుకతోనే ఒళ్లంతా, జుట్టు కూడా తెల్లగా ఉండే అల్బినిజం వేరు. అందులో కళ్లు అదురుతుంటాయి, వెలుతురు చూడలేరు, చూపు తక్కువగా ఉంటుంది. పుట్టుకతోనే నుదుటి మీద తెల్ల జుట్టు పాయ, నీలి కళ్లు, వినికిడి లోపం ఉంటే అది వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్. 1951లో దాన్ని వివరంగా రాసింది కూడా ఒక కంటి డాక్టరే. ఈ రెండూ పుట్టుకతో వచ్చే జన్యు లోపాలు. బొల్లి మధ్యలో వచ్చేది. 'ఫలానా వాళ్ల అబ్బాయి ఒళ్లంతా తెల్లగా ఉంటాడు, వాడికి చూపు ఆనదు' అని ఎవరో చెప్పిన కథ చాలాసార్లు అల్బినిజం కథే. అది తెచ్చి బొల్లి ఉన్న పిల్లలకి అంటగడతారు.

అసలు ప్రమాదం ఆ ట్యూబులో ఉంది

బొల్లి చేయని హాని కొన్నిసార్లు బొల్లికి చేసే సొంత వైద్యం చేస్తుంది.

ఆ అమ్మాయి పంపిన ఫోటో చూశాను. అనుకున్నట్టే, గట్టి స్టెరాయిడ్ ఉన్న క్రీమ్. స్టెరాయిడ్ చెడ్డదని నేననను. బొల్లి వైద్యంలో దానికి చోటుంది. పైన చెప్పిన ముగ్గురి పేర్ల జబ్బులో చూపును కాపాడేది కూడా అదే. కానీ ఏ చోట, ఎంత గట్టిది, ఎన్నాళ్లు అనేది డాక్టర్ చెప్పాలి. మెడికల్ షాపులో కౌంటర్ దగ్గర తేలేది కాదు. నిబంధనల ప్రకారం ఇలాంటివి చీటీ లేకుండా అమ్మకూడదు కూడా. మన దగ్గర ఎలా నడుస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

కనురెప్ప చర్మం మన ఒంట్లోకెల్లా పల్చనిది. దాని మీద రాసిన మందు సులువుగా లోపలికి ఇంకుతుంది. పిల్లలు కళ్లు నలుపుకుంటారు కాబట్టి కొంత నేరుగా కంట్లోకీ పోతుంది. కంటి లోపల ఎప్పుడూ ఒక ద్రవం ఊరుతూ, సన్నని జల్లెడ లాంటి దారిగుండా బయటికి పోతూ ఉంటుంది. స్టెరాయిడ్ ఎక్కువ రోజులు తగిలితే కొందరిలో ఆ జల్లెడ మూసుకుపోయినట్టవుతుంది. ద్రవం లోపలే నిలిచి కంటి ప్రెషర్ పెరుగుతుంది. అది నెలల తరబడి పెరిగే ఉంటే చూపు నరం దెబ్బతింటుంది. దాన్నే గ్లకోమా అంటాం, మనవాళ్లు నీటికాసులు అంటారు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు పక్కల నుంచి మెల్లగా తరిగిపోతుంది. ఇలా పోయిన చూపు తిరిగి రాదు. స్టెరాయిడ్ వల్ల చిన్న వయసులోనే శుక్లాలు రావడం కూడా ఉంది.

ఇది అందరికీ జరగదు. ఎవరికి జరుగుతుందో మాత్రం ముందే చెప్పలేం. అందుకే కంటి చుట్టూ మచ్చలున్న పిల్లలకి స్కిన్ డాక్టర్లు చాలాసార్లు స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ లాంటి ఆయింట్‌మెంట్ ఎంచుకుంటారు.

రెండో సొంత వైద్యం బావంచాలు. యూట్యూబ్‌లో ఒక్కసారి బొల్లి అని కొడితే చాలు, బావంచాల నూనె రాసి ఎండలో నిలబెట్టమని వంద వీడియోలు వస్తాయి. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉన్న మాట నిజం, దాన్ని ఆధునిక వైద్యమూ వాడుకుంది. అయితే దాని పని చర్మాన్ని ఎండకి విపరీతంగా స్పందించేలా చేయడం. లెక్క తప్పితే బొబ్బలెక్కుతాయి. రెప్ప మీద బొబ్బలొస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సోరాలెన్ మాత్రలు మింగినవాళ్లకైతే ఆ రోజంతా ప్రత్యేకమైన కళ్లద్దాలు పెట్టుకోమని చెప్తాం, ఆ సమయంలో ఎండ కంటి లెన్సుకి చేటు కాబట్టి. ఆస్పత్రిలో లైట్ థెరపీ ఇచ్చేటప్పుడు కూడా కళ్లకి రక్షణ ఏర్పాటు చేసే ఇస్తారు. ఇంట్లో డాబా మీద ఆ ఏర్పాటు ఎవరు చేస్తారు చెప్పండి?

బోర్డు కనిపించకపోతే ముందు అనుమానించాల్సింది సైటునే

9 ఏళ్ల పిల్లాడికి బోర్డు కనిపించడం లేదంటే, అన్నిటికంటే ఎక్కువగా ఉండే కారణం దూరదృష్టి లోపం. అంటే మైనస్ పవర్. బొల్లి ఉన్నవాడికైనా లేనివాడికైనా అంతే. బొల్లి ఉంది కదా అని మామూలు సైటు రాకుండా పోతుందా? ఇక్కడే ఇంట్లోవాళ్లు దెబ్బతింటారు. ఒంటి మీద ఒక జబ్బు కనిపిస్తుంటే, ఏ కొత్త ఇబ్బంది వచ్చినా దాని ఖాతాలోనే రాసేస్తారు. 'బొల్లి కంట్లోకి దిగింది, ఇక చేసేదేముంది' అని కూర్చుంటారు. కళ్లద్దాలతో పోయేదానికి కన్నీళ్లు పెట్టుకుంటారు.

ఆలస్యం చేస్తే ఇంకో నష్టం. ఒక కంట్లో పవర్ బాగా ఎక్కువగా ఉండి అద్దాలు పెట్టకపోతే, మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేస్తుంది. దాన్నే లేజీ ఐ అంటాం. ఇది 7, 8 ఏళ్లలోపు పట్టుకుంటే బాగా దారికొస్తుంది. పెద్దయ్యాక కష్టం.

అందుకే నా సలహా ఇది. పిల్లలకి బొల్లి అని తేలగానే, ముఖ్యంగా మచ్చలు కళ్ల చుట్టూ ఉంటే, ఒకసారి పూర్తి కంటి పరీక్ష చేయించండి. తర్వాత ఏడాదికోసారి చాలు. చుక్కలు వేసి లోపలి పొరలు చూస్తారు, ప్రెషర్ చూస్తారు, పవర్ చూస్తారు. చుక్కల వల్ల కొన్ని గంటలు దగ్గరివి మసగ్గా ఉంటాయి, అంతకుమించి ఏమీ ఉండదు. పిల్లాడు స్టెరాయిడ్ రాసుకుంటున్నాడంటే ఆ మాట కంటి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ట్యూబు వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది.

కళ్లతో పాటు థైరాయిడ్ కూడా గుర్తుంచుకోండి. రక్షణ వ్యవస్థ ఒక చోట పొరబడినప్పుడు ఇంకో చోట కూడా పొరబడొచ్చు. బొల్లి ఉన్నవాళ్లలో కంటి జబ్బుల కంటే థైరాయిడ్ తేడాలే ఎక్కువ కనిపిస్తాయి. ఒక చిన్న రక్తపరీక్షతో తెలిసిపోతుంది.

అక్కలూ అన్నలూ, ఇది మీ పని

ఈ పేజీ ఫోన్లో చదువుతున్న మీలో చాలామందికి ఇంట్లో తమ్ముడో, చెల్లో, అక్క పిల్లలో ఉంటారు. పెద్దవాళ్లకంటే ముందు మీరే పట్టుకోగలిగినవి కొన్ని చెప్తాను.

ఆటలా ఒక కన్ను మూయించి గోడ మీది క్యాలెండర్‌లో అంకెలు చదివించండి. తర్వాత రెండో కన్ను. ఒక కన్ను మూసినప్పుడు మాత్రమే చిరాకు పడి మీ చెయ్యి తోసేస్తుంటే, తెరిచి ఉన్న రెండో కంటితో సరిగా కనిపించడం లేదేమో చూడాలి.

టీవీకి మరీ దగ్గరగా కూర్చోవడం, కళ్లు చిట్లించి చూడటం, తల ఒక పక్కకి వంచి చదవడం, వెలుతురులోకి రాగానే కళ్లు మూసుకోవడం గమనించండి.

ఇంకొకటి చాలా ముఖ్యం. ఫ్లాష్‌తో తీసిన ఫోటోల్లో ఒక కంటిపాప ఎర్రగా, ఇంకోటి తెల్లగా మెరుస్తూ కనిపిస్తే ఆ ఫోటో డిలీట్ చేయకండి. కెమెరా కోణం వల్ల కూడా అలా రావచ్చు. కానీ పసిపిల్లల్లో శుక్లం వల్లగానీ, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ వల్లగానీ కూడా అలా కనిపిస్తుంది. దీనికీ బొల్లికీ ఏ సంబంధమూ లేదు. 'ఇంట్లో బొల్లి ఉంది, కంట్లో కూడా తెల్లమచ్చ వచ్చినట్టుంది' అనుకుని వదిలేస్తేనే ప్రాణం మీదికి వస్తుంది. ఆ ఫోటో పట్టుకుని నాలుగు రోజుల్లోపే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఖర్చుకి భయపడి ఆగొద్దు. హైదరాబాద్‌లో సరోజినీ దేవి, విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉన్నాయి. ఎల్వీ ప్రసాద్ లాంటి చోట్ల డబ్బులేనివాళ్లకి ఉచితంగా చూసే ఏర్పాటుంది. ప్రభుత్వ బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లల ఆరోగ్యం చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీమ్‌ల పనిలో చూపు పరీక్ష కూడా ఉంది. వాళ్లు వచ్చినరోజు మీ తమ్ముడు బడి ఎగ్గొట్టకుండా చూడండి, చాలు.

ఎండలోకి వెళ్లేటప్పుడు టోపీ, సన్‌స్క్రీన్ అలవాటు చేయండి. మచ్చ ఉన్నచోట కాపాడే రంగు లేదు కాబట్టి చర్మం త్వరగా కమిలిపోతుంది. చలువ కళ్లద్దాలు కొంటే మాత్రం యూవీ రక్షణ ఉన్నవే కొనండి. జాతరలో దొరికే నల్లద్దాలు సరదాకే.

చివరికి ఏమైందంటే

ఆ అమ్మాయి పది రోజుల తర్వాత మళ్లీ రాసింది. తమ్ముడికి రెండు కళ్లకీ మైనస్ పవర్ వచ్చింది. టీచర్ చెప్పింది నిజమే, నాన్నమ్మ చెప్పింది కాదు. లోపలి పొరలు శుభ్రంగా ఉన్నాయి, బొల్లి తాలూకు ఆనవాలు ఏదీ లేదు. అయితే కుడి కంటి ప్రెషర్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంది. ట్యూబు రాసింది ఆ కంటి రెప్ప మీదే. అదృష్టం బాగుండి చూపు నరం ఇంకా దెబ్బతినలేదు. క్రీమ్ ఆపించారు, స్కిన్ డాక్టర్ వేరే ఆయింట్‌మెంట్‌కి మార్చారు. కొద్ది వారాలయ్యాక మళ్లీ చూస్తే ప్రెషర్ మామూలు స్థితికి వచ్చిందట. ఇంకో ఏడాదైనా ఆ కంటిని వదలకుండా చూపించుకోమని చెప్పాను.

ఆ నాన్నని తిట్టాలని నాకు లేదు. రోజు కూలి పోగొట్టుకుని ఆస్పత్రిలో లైన్లో నిలబడలేక, కొడుకు మొహం మీది మచ్చ పోతే చాలనుకుని చేసిన పని అది. ప్రేమతోనే చేశాడు. కానీ ఇంకో ఏడాది రాసి ఉంటే, బొల్లి చేయలేని పని ఆ ట్యూబు చేసేది. అప్పుడు కూడా ఊరంతా 'చూశారా, బొల్లి కంట్లోకి దిగింది' అనే అనేవాళ్లు.

ఉత్తరం చివర్లో ఆ అమ్మాయి ఒక మాట రాసింది. కళ్లద్దాలు పెట్టుకుని మొదటిరోజు బడికెళ్లిన తమ్ముడు సాయంత్రం ఇంటికొచ్చి, 'అక్కా, ఇవాళ ఎవరూ నా మచ్చ గురించి అడగలేదు, అందరూ అద్దాల గురించే అడిగారు' అన్నాడట. పిల్లలకి కనిపించడం ఎంత ముఖ్యమో, తాము ఎలా కనిపిస్తున్నామన్నది కూడా అంతే ముఖ్యం. మీ క్లాసులో, మీ వీధిలో అలాంటి పిల్లలుంటే పక్కన కూర్చోండి, ఒకే బాటిల్లో నీళ్లు తాగండి. అంటదు అని నోటితో చెప్పడం కంటే అది పదిరెట్లు గట్టిగా వినిపిస్తుంది.

వచ్చేవారం మీ ప్రశ్నలతో కలుద్దాం.